ప్లైవుడ్‌ను ‘పొరచెక్క’ అనవచ్చునా?

ప్లైవుడ్‌కు ‘పొరచెక్క’ అన్న మాటను సూచించిన మిత్రునికి నమస్కారం. మాట వినసొంపుగానే ఉంది కాని, అది సగం సంగతినే చెబుతుంది. ఇంగ్లీషు ‘ప్లై’కి మడత, పేట అని అర్థాలు; మనం ముప్పేట అన్నచోట వారు త్రీ ప్లై అంటారు. 1905లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ ప్రదర్శనలో పెట్టిన ప్లైవుడ్‌కు కూడా ‘త్రీ ప్లై వెనీర్’ అన్న పేరే ఉండేది; వెనీర్ అంటే దుంగ నుంచి తీసిన పలుచని చెక్కపొర.

అయితే తాడు పేటలను పెనవేస్తారు, ఈ పొరలను పెనవేయరు. మా వంటింటి అలమర అరను కోయించినప్పుడు దాని అంచును పరిశీలించాను: ఒక పొర సన్నని గీతలతో లేతగా, దాని కిందిది సూదిబెజ్జాల వంటి చుక్కలతో ముదురుగా, మళ్లీ లేతగా, మొత్తం తొమ్మిది పొరలు; అంటే పొర పొరకూ నార దిశ మారుతోందన్నమాట. చెక్క తడికి నార వెంబడి దాదాపు సాగదు, నారకు అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. అందుకే పొరలను పడుగు పేకల్లా ఒకదానిపై ఒకటి అడ్డంగా పరచి, అవి ఒకదాన్నొకటి పట్టి ఉంచేలా అతికిస్తారు. ‘పొరచెక్క’లో ఈ అడ్డం లేదు.

జిగురూ లేదు. ఒకప్పుడు పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు, పశువుల రక్తం, సోయా పిండి వంటి వాటితో అతికించేవారు, తడి తగిలితే అవి నిలిచేవి కావు. 1930ల నుంచి ఫినాల్ రెజిన్లు అనే కృత్రిమ జిగుర్లు వచ్చి ఆ బెడద తీర్చాయి. నేడు దుకాణంలో ఏ చెట్టు చెక్క అని అడిగేవారు అరుదు, ఎంఆరా (తేమను తట్టుకునేదా) మెరైనా (నీటిలో నానినా నిలిచేదా) అని అడుగుతారు, అంటే జిగురును అడుగుతున్నారన్నమాట. మెరైన్ రకం జిగురు ఊడుతుందో లేదో 72 గంటలు నీటిలో మరిగించి చూడాలని ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది.

ఇక చెట్టు సంగతి. అస్సాంలో టీ పెట్టెల కోసం అడవిలోని హోలాంగ్ చెట్ల దుంగలను, చుట్టిన చాపను విప్పినట్లు, లేతు (తిరుగుడు యంత్రం) పై తిప్పుతూ పొర తీసేవారు. 1996 డిసెంబరు 12 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఈశాన్యంలోని నరికివేతకు కళ్లెం పడ్డాక, పరిశ్రమ హర్యానాలోని యమునానగర్ వంటి చోట్ల రైతులు పెంచిన పోప్లార్, జామాయిల్ మీద ఆధారపడింది. దుంగను రెండు కొసల వద్ద పట్టుకోనవసరం లేని కొత్త లేతులు సన్నని కర్రనుంచి సైతం పొర తీస్తున్నాయి.

కనుక ‘పొరచెక్క’ను వెనీర్‌కు కేటాయించి, పాఠ్యపుస్తకాలలో ప్లైవుడ్‌కు ‘అడ్డపొరల చెక్క’ అని వాడవచ్చునని నా అభిప్రాయం. వడ్రంగి దగ్గర మాత్రం ‘ప్లై’ అంటేనే పని జరుగుతుంది.