ఎఫెసీ 2:10: "ఆయన చేసిన పని"యా, "ఆయన చేతిపని"యా?

తెనాలి సభ్యురాలు:
సభ్యులందరికీ వందనాలు. "మనము ఆయన చేతిపనియై యున్నాము" అనే వాక్యం కొన్నాళ్లుగా నా మనసులో తిరుగుతోంది. బైబిలులో పౌలు ఎఫెసు సంఘానికి రాసిన లేఖను, అంటే ఎఫెసీ పత్రికను, రోజుకొక అధ్యాయం చొప్పున చదువుతూ రెండో అధ్యాయానికి వస్తే, అక్కడ పదో వచనంలో "వాటియందు మనము నడుచుకొనవలెనని దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు చేయుటకై, మనము క్రీస్తుయేసునందు సృష్టింపబడినవారమై ఆయన చేసిన పనియైయున్నాము" అని ఉంది కానీ "చేతి" లేదు. నేనెవరిని, ఎందుకున్నాను అన్న రెండు ప్రశ్నలకూ ఈ వచనాన్నే జవాబుగా పట్టుకున్నదాన్ని కనుక ఆ "చేతి" ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకోవాలని ఉంది.

భీమవరం, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:
అమ్మా, అది పాత నిబంధనలోని ప్రవక్త గ్రంథం యెషయా 64:8లోనిది: "మేము జిగటమన్ను నీవు మాకు కుమ్మరివాడవు మేమందరము నీ చేతిపనియై యున్నాము." రెండు వాక్యాల ముగింపూ ఒకటే కావడం వల్ల కంఠస్థం చేసినవారి నోట అవి కలిసిపోతుంటాయి. అయితే నా దృష్టిలో అసలు చిక్కు "చేతి" కాదు, "పని". పౌలు వాడిన గ్రీకు మాట "పొయేమా"; దానికి సరితూగే మాట మనకు "కృతి". చేయబడిన వస్తువూ కృతే, కావ్యమూ కృతే. గ్రీకు మాటకూ ఆ రెండర్థాలున్నాయి. భాగవతాన్ని రాజులకివ్వక దేవునికి అంకితమిచ్చిన పోతన పుట్టిన భాషలో "మనము ఆయన కృతి" అని చదువుకుంటే, మనం ఎవరి రచనమో, ఎవరికి చెందినవారమో కూడా ఆ ఒక్క మాటే చెబుతుంది.

నల్గొండ, సంఘ కాపరి:
మాస్టారూ, "కృతి" చక్కని మాటే కానీ ఈ వచనంలో ఇమడదు. తొమ్మిదో వచనం రక్షణ "క్రియలవలన కలిగినది కాదు" అంటుంది, పదోది "సత్‌క్రియలు చేయుటకై" అంటుంది. గ్రీకులో ఈ రెండు చోట్లా ఉన్నది "ఎర్గోన్". "పొయేమా" వేరే ధాతువు నుండి పుట్టింది. మీరు "కృతి" అనగానే మూడు చోట్లా కృ ధాతువే వినిపించి, దేవుడు చేసినదానికీ మనం చేయవలసినదానికీ మధ్య పౌలు ఉంచిన ఎడం చెరిగిపోతుంది. కావ్యమన్న అర్థాన్ని కూడా ఇక్కడికి లాగకూడదని నా అభిప్రాయం. కొత్త నిబంధనలో ఈ మాట ఇంకొక్క చోటే, రోమా 1:20లో కనిపిస్తుంది. అక్కడ మన అనువాదకులు "సృష్టింపబడిన వస్తువులు" అన్నారు.

భీమవరం, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:
అయ్యగారూ, ధాతువుల విషయంలో మీ అభ్యంతరం బలమైనది, ఒప్పుకుంటాను. కానీ "ఆయన చేసిన పని" అన్నది కూడా తెలుగు చెవికి వస్తువును చూపించదు. "వాడు చేసిన పని చూడండి" అన్నప్పుడు మనకు తోచేది ఒక చర్యే. "చేతి" చేరితేనే అది తయారైన వస్తువని తేలుతుంది. జాషువా గారి "శిల్పి" ఖండికను ఒక్కసారి గుర్తు చేసుకోండి. శిల్పి గొప్పతనమంతా చేతిలో ఉందని తెలిసిన కవి ఆయన. "క్రీస్తు చరిత్ర" రాసి, 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న కవి ఈ వచనాన్ని తెనిగించి ఉంటే ఏ మాట ఎంచుకునేవారా అని నేను చాలాసార్లు ఆలోచించాను.

డాలస్ సభ్యుడు:
మాస్టారూ, జాషువా గారి మీద నాకూ మీ అంత ప్రేమ ఉంది. అయినా శిల్పి అనగానే రాయి వస్తుంది, యెషయా చెప్పినది మన్ను. ఉలి దెబ్బకు ఊడిన రాతిని మళ్లీ అతికించలేము. యిర్మీయా 18లో కుమ్మరి, చేతిలో చెడిన కుండను అదే మంటితో మరల చేశాడు. తాను చెడిపోయానని దిగులుపడే విశ్వాసికి ఈ తేడా ఎంతో ముఖ్యం. ఇక "చేతి" విషయానికొస్తే, కీర్తన 143:5లో "నేను నీ చేతుల పని యోచించుచున్నాను" అని ఉంది. పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదం అక్కడ వాడినది "పొయేమా" బహువచనమే, పక్కన "చేతులు" కూడా ఉన్నాయి. అదే వచనంలో "నీ క్రియలన్నియు ధ్యానించుచున్నాను" అన్నచోట హీబ్రూ క్రియ, మొదటి కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు" అన్నచోట ఉన్నదే. అంటే అనుదినం వాక్యాన్ని ధ్యానించేవాడు దేవుని చేతుల పనిని కూడా ధ్యానిస్తాడు, తాను ఆ పనిలో ఒక భాగమని అక్కడే గ్రహిస్తాడు. తెనాలి సోదరి జ్ఞాపకం నిరాధారమైనది కాదని నా నమ్మకం.

నల్గొండ, సంఘ కాపరి:
కీర్తన 143 సంగతి మంచి పరిశీలన. కానీ మనం "పని" దగ్గరే ఆగిపోయి "నడుచుకొనవలెనని" అన్న మాటను విడిచిపెడుతున్నాం. రెండో వచనంలో "మునుపు నడుచుకొంటిరి" అన్నాడు, పదో వచనంలో మళ్లీ నడకే. మునుపటి నడక ఈ ప్రపంచ ధర్మము చొప్పున సాగింది, ఇప్పటి నడక దేవుడు "ముందుగా సిద్ధపరచిన" సత్‌క్రియలలో సాగాలి. గుర్తింపు "పని"లో ఉంటే, ఉద్దేశం ఈ నడకలో ఉంది. విడి వచనాలను వాగ్దానాలుగా ఏరుకొని చదివేవారికి ఈ రెండు నడకలూ ఒక దారిన కనిపించవు. అపొస్తలుల కార్యములు 17లో, పౌలు బోధ విన్న బెరయ పట్టణంవారు "ప్రతిదినమును లేఖనములు పరిశోధించుచు వచ్చిరి" అన్నప్పుడు ఆ "పరిశోధించుచు" అన్న మాటను మనం తేలికగా తీసుకోకూడదు.

సికింద్రాబాద్ సభ్యురాలు:
పెద్దలు క్షమించాలి, వచన సంఖ్యను, అంటే ఏకవచన బహువచనాలను ఎవరూ తాకలేదు. "మనము" బహువచనం, "పని" ఏకవచనం. గ్రీకులోనూ అంతే. "పనులమై యున్నాము" అనలేదు. మనలో ఒక్కొక్కరూ ఒక్కొక్క పని అని కాక, అందరం కలిసి ఒకే పని అని నేను చదువుతాను. పదకొండో వచనం నుండి పౌలు యూదులను, అన్యజనులను (యూదులు కానివారిని) ఒకటిగా చేర్చి "ఒక్క నూతన పురుషుని" గురించి మాట్లాడటం ఇందుకు సాక్ష్యం. కనుక "నేనెవరిని" అని అడిగినవారికి ఈ అధ్యాయం "మనము ఎవరము" అని జవాబిస్తోంది.

భీమవరం, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:
అమ్మా, అలా అయితే యెషయాలో "మేమందరము" అని స్పష్టంగానే ఉంది, అక్కడా "పని" ఏకవచనమే. మీ వాదన నా "చేతి"కే బలం చేకూరుస్తోంది.

తెనాలి సభ్యురాలు:
అందరికీ కృతజ్ఞతలు. రెండో అధ్యాయాన్ని నేను పదో వచనం దగ్గరే ముగించుకుంటూ వచ్చాను. ఇకపై ఇరవై రెండో వచనం వరకూ ఒకే పట్టున చదువుతాను. "చేతి" మాత్రం విడవబుద్ధి కావడం లేదు. కీర్తన 143 ఆధారంగా ఎఫెసీ వచనంలోనూ దానిని నిలుపుకోవచ్చునా, లేక అది యెషయా సొత్తుగానే ఉండాలా అన్నది అయ్యగారు కూడా చెబితే బాగుంటుంది.