కవ్వాల్–తాడోబా పులుల దారిలో బొగ్గుగనులు: గనికొక అనుమతి సరిపోతుందా?

ప్రాణహిత తీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను భూగోళశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. మాది బెల్లంపల్లికి దగ్గరి ఊరు. మా తాత, నాన్న ఇద్దరూ బొగ్గుబావిలో పనిచేసినవారే కాబట్టి, గనులు మూసేయాలని వాదించడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను.

కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. దాని కోర్ ప్రాంతం, అంటే పులుల కోసమే కాపాడే నడిమి భాగం, సుమారు 890 చదరపు కిలోమీటర్లు. అయితే మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యం వైపు నుంచి వచ్చే పులులు ఆ కోర్ దాకా చేరడమే కష్టంగా ఉంది; అవి ఎక్కువగా అభయారణ్యం వెలుపలి కాగజ్‌నగర్ అడవుల్లోనే నిలిచిపోతున్నాయి. అక్కడి నుంచి కవ్వాల్‌కు వెళ్లాలంటే కాజీపేట–బల్లార్షా రైలు మార్గాన్ని, జాతీయ రహదారిని, రెబ్బెన, తిర్యాణి, తాండూరు వైపున్న ఓపెన్ కాస్టు (నేల పైనుంచే తవ్వే) గనులను దాటుకోవాలి. వీటిలో ప్రతి పనికీ విడిగా పర్యావరణ నివేదిక తయారైంది. తన చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిని మాత్రమే చూసిన ప్రతి నివేదికా తన వల్ల కలిగే నష్టం స్వల్పమేనని చెబుతుంది. ఆ మాట విడివిడిగా చూస్తే నిజమే కావచ్చు గాని, పులి మాత్రం అన్నింటినీ ఒకే రాత్రి, ఒకదాని వెంట ఒకటిగా ఎదుర్కొంటుంది.

గని వారీగా కాకుండా ఈ ప్రాంతం మొత్తానికి ఒకే ప్రణాళిక వేయడం ఆచరణలో సాధ్యమేనా? మన దేశంలో ఎవరైనా ప్రయత్నించారా? అలా చేస్తే బొగ్గు ఉత్పత్తి ఆగిపోతుందన్న భయంలో ఎంత నిజముంది?

విశ్రాంత సర్వేయరు (జవాబు):

మీరు చివర అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఓపెన్ కాస్టు గనుల్లో ముప్పయ్యేళ్లు సర్వే పని చేసిన నాకు తెలిసినంతవరకు, బొగ్గు పొరను పక్కకు జరపలేము గాని, దాని మీద నుంచి తీసిన మట్టిని ఎక్కడ పోయాలన్నది మన చేతిలోనే ఉంటుంది. గోదావరి లోయలో పొరలు వాలుగా లోపలికి దిగుతాయి. గని లోతుకు పోయేకొద్దీ టన్ను బొగ్గుకు తీయవలసిన మట్టి పెరుగుతుంది. అందుచేత గని గుంత ఆక్రమించే అడవి ఒక ఎత్తయితే, ఓబీ డంపు (బొగ్గు మీద నుంచి తీసిన మట్టి గుట్ట), లారీల దారి, కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు, కాలనీ ఆక్రమించే స్థలం మరొక ఎత్తు. ఈ రెండో లెక్కను నివేదికలు ఎంతో తేలిగ్గా దాటేస్తాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. నేను పనిచేసిన ఒక గనిలో బయటి డంపుకు వాగు ఒడ్డున ఉన్న సన్నని అడవి పట్టీని ఎంచుకున్నారు. కారణం ఒక్కటే, అది లీజు గీత లోపల ఉంది. అక్కడికి కిలోమీటరు దూరంలో బొగ్గంతా తీసేసిన వేరొక గని గుంత ఖాళీగా పడి ఉంది. మా మట్టిని దాంట్లో పోసి ఉంటే అడవీ మిగిలేది, ఆ గుంతా పూడేది. కాని ఆ రెండు గనుల పటాలను ఒకే బల్ల మీద పరచి చూడవలసిన బాధ్యత ఏ అధికారికీ లేదు. ప్రాంతం మొత్తానికి ప్రణాళిక అంటే నా దృష్టిలో మొదట ఆ బల్ల.

అయితే ఒక హెచ్చరిక. బోర్లు వేసి, భూసేకరణ మొదలై, డబ్బు ఖర్చయ్యాక ‘ఈ చోటు వదిలేయండి’ అంటే ఎవరూ వినరు. వదలవలసిన చోట్లు అన్వేషణ దశలోనే తేలాలి. ఆ తరువాత చేయగలిగేది నష్టాన్ని తగ్గించడం వరకే: బొగ్గును లారీలకు బదులు కప్పు ఉన్న కన్వేయరు మీద పంపడం, పులులు దాటే పట్టీలో రాత్రిపూట రవాణా ఆపడం, పైమట్టిని వేరుగా దాచి మళ్లీ పరచడం వంటివి. డంపు మీద సుబాబుల్ నాటి ‘అడవి పెంచాము’ అని రాసుకోవడాన్ని నేను ఇందులో లెక్కవేయను. దుప్పి, కణితి మేసే గడ్డి, తాగే నీరు లేని పచ్చదనంతో పులికి పని లేదు.

అడవి చట్టాల విద్యార్థి (జవాబు):

సర్వేయరు గారు చెప్పిన ‘ముందే వదలడం’ మన దేశంలో ఒకసారి జరిగింది, నిలవలేదు. 2009–10లో పర్యావరణ, బొగ్గు మంత్రిత్వ శాఖలు కలిసి తొమ్మిది బొగ్గు క్షేత్రాల పటాల మీద అడవుల పటాలను పరచి, ‘గో’ (గనికి ఇవ్వదగినవి), ‘నో గో’ (ఇవ్వకూడనివి) అని విభజించాయి. మన సరిహద్దును ఆనుకొని ఉన్న వార్ధా లోయ వాటిలో ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లోని హస్‌దేవ్ అరణ్యం మొత్తం ‘నో గో’లోకి వచ్చింది. కాని ఆ విభజనకు చట్టబలం లేదు. 2011లోనే అక్కడి పర్సా ఈస్ట్–కేతే బాసన్ గనికి, అది అసలు అడవికి అంచున ఉందనీ, మధ్యలో కొండ అడ్డుగా ఉందనీ చెప్పి, అటవీ సలహా సంఘం వద్దన్నా అనుమతి ఇచ్చారు. 2022లో అదే గని రెండో దశకూ ఆమోదం వచ్చింది. అంచు అనే మాటలో ఉన్న చిక్కు ఇదే: ఈ రోజు అంచును తవ్వితే, రేపు దాని పక్కనున్నది అంచు అవుతుంది.

గనులకు ఇవ్వకూడని అడవులను గుర్తించడానికి తరువాత వచ్చిన పద్ధతి శాస్త్రీయంగా మెరుగైనది. భూమిని కిలోమీటరుకు కిలోమీటరు గళ్లుగా విభజించి, అడవి రకం, జీవ సంపద, వన్యప్రాణి విలువ, చెట్ల సాంద్రత, అడవి ముక్కలు కాకుండా ఉన్న తీరు, నీటి విలువ అనే ఆరు కొలమానాలతో మార్కులు వేయాలన్నారు. చిక్కేమిటంటే, రెండు మంచి అడవులను కలిపే సన్నని, పలుచబడ్డ పట్టీకి ఇలాంటి లెక్కలో మార్కులు తక్కువే వస్తాయి. కాగజ్‌నగర్–కవ్వాల్ మధ్య ఉన్నది అచ్చంగా అలాంటి పట్టీయే. ఆ గడి తనంతట తాను గొప్పది కాదు, అది పోతే రెండు వైపులా ఉన్నవి విడిపోతాయి.

చట్టంలో దీనికి ఆధారం లేకపోలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేర్చిన 38ఓ సెక్షన్ ప్రకారం, పులుల అభయారణ్యాలను కలిపే ప్రాంతాలను పర్యావరణానికి తగని పనులకు మళ్లించాలంటే, ప్రజాప్రయోజనం ఉండాలి, పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ సలహా, జాతీయ వన్యప్రాణి మండలి ఆమోదం కావాలి. కాని ఆ సలహా కూడా దరఖాస్తు వచ్చినప్పుడే, ఒక్కొక్క ప్రాజెక్టుకే అడుగుతారు.

రోడ్ల విషయంలో మాత్రం ఒక మంచి ఉదాహరణ ఉంది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులోని పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి కింద జంతువుల కోసం తొమ్మిది దారులు కట్టారు. పులులు వాటిని వాడుతున్నట్లు కెమెరాల్లో నమోదైంది. గనికి అలాంటి వంతెన కట్టలేము. అందుకే గని విషయంలో చోటును ఎంచుకోవడమే సగం పని.

తిర్యాణి పంతులు (జవాబు):

పెద్దలు చెప్పిన పటాలలో మా ఊళ్లు ఎక్కడున్నాయో అడగాలనిపించింది. 2025 మే నెలలో జీవో 49 ద్వారా, కవ్వాల్‌ను తాడోబాతో కలిపే ఈ దారిలోని సుమారు 1,492 చదరపు కిలోమీటర్లను కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా (సంరక్షణ ప్రాంతంగా) ప్రకటించారు. ఆదివాసీల నిరసనతో జూలైలో దాన్ని నిలిపివేశారు. కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించే ముందు స్థానికులతో సంప్రదించాలని వన్యప్రాణి సంరక్షణ చట్టమే చెబుతుంది. ఆ పని ఊరూరా సరిగా జరిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం. గని కోసం లేవమన్నా, పులి కోసం లేవమన్నా, మూట కట్టుకునేది మేమే కదా అన్న అనుమానం ఇక్కడ గట్టిగా ఉంది.

మా వాళ్లకు పులి మీద కోపం లేదు. అది ఏ వాగు దగ్గర దాటుతుందో గోండు, కొలాం పశువుల కాపరులు చెప్పగలరు. పైగా దారికి కాలం కూడా ఉంటుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారకముందే ఆడవాళ్లు అడవిలో ఉంటారు, ఆ తరువాత తునికాకు పని మొదలవుతుంది. ఏ పట్టీలో ఏ నెలలో మనుషులు ఉంటారన్నది రాయని పటం మాకు పనికిరాదు. అది గ్రామసభలో కూర్చుంటేనే తెలుస్తుంది.

ప్రాణహిత తీరం:

ముగ్గురికీ ధన్యవాదాలు. వేసవి సెలవుల్లో నాలుగైదు ఊళ్లలో తిరిగి ఒక చిన్న పటం గీయాలనుకుంటున్నాను. సర్వేయరు గారూ, దేనితో మొదలుపెట్టమంటారు?

విశ్రాంత సర్వేయరు:

వాగులతో మొదలుపెట్టండి. చెట్లు కొట్టేసిన చోట కూడా వాగు వెంట కొంత పొద మిగులుతుంది, జంతువు దాన్నే పట్టుకొని నడుస్తుంది. గని కోసం వాగును మళ్లించిన చోటల్లా ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. తరువాత పంతులు గారి దగ్గరకు వెళ్లి, ఆ గుర్తుల దగ్గర ఇప్పుడు జంతువులు ఎటు తిరుగుతున్నాయో కాపరులను అడగండి.