తీర్పు వచ్చాక దస్తావేజు దొరికింది: రివ్యూ వేయవచ్చా?

గట్టు తగాదా:
జులై 18న జూనియర్ సివిల్ జడ్జి కోర్టు నాన్నగారి దావా కొట్టేసింది. తీర్పులో మా 42 సెంట్లు ఒకచోట 24 అయ్యాయి. మా పాలేరు సాక్ష్యాన్ని నమ్మలేదట. వారం తిరక్కుండా తాతయ్య ట్రంకు పెట్టెలో, పాత శుభలేఖల కింద, 1971 నాటి రిజిస్టరైన విక్రయ దస్తావేజు దొరికింది! ప్లీడరు గారు రివ్యూ అంటున్నారు. కాదన్న జడ్జి గారి దగ్గరికే వెళ్లి ఏమని అడగాలి?

పాత గుమాస్తా:
బాబూ, ప్లీడర్ల కట్టలు ముప్ఫయ్యేళ్లు మోసినవాణ్ణి. మూడు గోడులనూ ఒకే కాగితం మీద రాయకండి. 24 అన్నది రాత పొరపాటు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 152 కింద చిన్న దరఖాస్తుతో ఎప్పుడైనా సరిచేయించవచ్చు. పాలేరును నమ్మకపోవడం అప్పీలులో తేలాల్సిన సంగతి. ఆర్డర్ 47 కింద రివ్యూకి పనికొచ్చే తప్పు వేలు పెట్టి చూపగానే కనబడాలి. గంటసేపు వాదిస్తే గానీ బయటపడనిది ఆ లెక్కలోకి రాదని తుంగభద్ర ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు 1963లోనే చెప్పింది. ఇక దస్తావేజు. కొత్త ఆధారం దొరకడం రివ్యూకి కారణమే. కానీ రిజిస్టరైన కాగితం కదా, దావాకు ముందు ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) ఎందుకు తీయలేదంటారు. పెట్టె కథ చెబితే కళ్లజోడు మీది నుంచి ఒక చూపు చూస్తారు, అంతే.

జూనియర్ ప్లీడరు:
గడువు మరవకండి. రివ్యూకి 30 రోజులు, మీ పై కోర్టు అప్పీలుకూ అంతే. ముందు అప్పీలు వేస్తే రివ్యూ వేయలేరు. రివ్యూ కొట్టేస్తే ఆ ఉత్తర్వు మీద అప్పీలు లేదు. నేనైతే అప్పీలే వేసి, ఆర్డర్ 41 రూల్ 27 కింద దస్తావేజు పెడతాను. శ్రద్ధగా వెతికారా అన్న ప్రశ్న అక్కడా తప్పదు.

గట్టు తగాదా:
ఈసీ తీయించాం! దావాకు ముందే, మీసేవలో. ఆ కంప్యూటర్‌లో 1983 నుంచే ఉన్నాయి, మాది 1971. తీర్పు నకలు చివరి పేజీ ముద్రలో దరఖాస్తు జులై 22న, సిద్ధమైంది ఆగస్టు 2న అని ఉంది.

పాత గుమాస్తా:
ఆ మాట ముందే చెప్పవద్దా! నకలుకు పట్టిన 12 రోజులు లెక్కలోంచి పోతాయి, ఆగస్టు 29 దాకా ఉంది. ఆ ఈసీ కాగితం, మీసేవ రసీదు రెండూ అఫిడవిట్‌కు జతచేయండి. దస్తావేజు మీద మాత్రం లామినేషన్ చేయించకండి.