అప్‌డేట్: నాన్న సంచీ కారడం ఆగింది

మూడు వారాల కిందట అడిగాను. పేగు ఆపరేషన్‌లో నాన్నకి కోలోస్టమీ చేసి (మలం పొట్ట మీది దారిలోంచి బయటికొచ్చేలా) పొట్టకి సంచీ పెట్టారు, అది రోజుకి రెండుసార్లు ఊడి కారుతోంది, చుట్టూ చర్మం పుండులా మండుతోంది, పర్లాకిమిడిలో ఎవరికి చూపించాలో తెలియట్లేదు అని. "రంధ్రం కొలత చూడండి" అని ఒకరు రాశారు. తప్పు సరిగ్గా అక్కడే ఉంది.

సంచీని చర్మానికి అంటించే పట్టీలో రంధ్రాన్ని డిశ్చార్జ్ రోజు ఇచ్చిన అట్టముక్క కొలతతోనే నెలరోజులుగా కత్తిరిస్తున్నాను. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో స్టోమా (పొట్ట మీదికి తెచ్చిన పేగు చివర) వాపు తగ్గి చిన్నదవుతుందని నాకెవరూ చెప్పలేదు. బరంపురం తీసుకెళ్తే అక్కడి నర్సు కొలిచి చూపించింది. నేను కత్తిరించిన రంధ్రంలో స్టోమా పక్కన వేలు పట్టేస్తోంది! రెండు, మూడు మిల్లీమీటర్ల కంటే ఖాళీ ఉండకూడదట. ఆ సందులోంచే మలం చర్మానికి తగిలేది.

పైగా మంట తగ్గుతుందని నేను కొబ్బరినూనె రాసేదాన్ని. జిడ్డు మీద ఏం అంటుకుంటుంది, నా తెలివి! ఇప్పుడు ఉత్త గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, బాగా ఆరాక అంటించి, అరచేత్తో ఒక నిమిషం అదిమి ఉంచుతున్నాను. మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తున్నాం. నాలుగు రోజులు కదలట్లేదు.

స్టోమా ఎర్రగా, తడిగా ఉండాలి. తుడిచేటప్పుడు చుక్క రక్తం వస్తే కంగారు అక్కర్లేదు, నల్లబడితే మాత్రం వెంటనే ఆసుపత్రికి.

నిన్న నాన్న పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) అడిగారు. గ్యాస్ భయంతో ఉల్లిపాయ లేకుండా పెట్టాను. సణుక్కుంటూనే గిన్నె ఖాళీ చేశారు.