తుంటి ఆపరేషన్ అయ్యి 5 నెలలు, అమ్మ కుర్చీలోంచి తనంతట తాను లేవలేకపోతోంది. 74 ఏళ్లకి బరువులతో ఎక్సర్‌సైజ్ నిజంగా పనిచేస్తుందా?

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా అమ్మకి 74. సంక్రాంతికి ముందు బాత్రూంలో కాలు జారి పడింది, కుడి తుంటి విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. పోయిన నెల ఎక్స్‌రేలో ఎముక బాగా అతికింది, పూర్తి బరువు వేసి నడవొచ్చు అని ఆర్థో డాక్టర్ గారు చెప్పారు. కానీ అమ్మ ఇంకా వాకర్ పట్టుకునే నడుస్తుంది, అది కూడా మంచం నుంచి హాల్ దాకా. కుర్చీలోంచి లేవాలంటే నేనో మా ఆయనో చంకలో చెయ్యి వేసి లేపాలి.

మొదట్లో ఒక ఫిజియో ఇంటికొచ్చేవారు, నెల రోజులు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ 20 నిమిషాలు కరెంట్ మిషన్ పెట్టేవారు, తర్వాత పడుకోబెట్టి కాలు 10 సార్లు పైకి లేపించేవారు, అంతే. మొదటి రోజూ 10 సార్లే, ఆఖరి రోజూ 10 సార్లే. నొప్పి తగ్గిన మాట నిజం, బలం మాత్రం రాలేదు.

నన్ను బాగా బాధపెడుతున్న విషయం ఒకటుంది. అమ్మ నీళ్లు తాగడం మానేసింది. సాయంత్రం 4 దాటాక గ్లాసు ముట్టుకోదు, ఎందుకమ్మా అంటే దాహం లేదే అంటుంది. మొన్న మా అమ్మాయితో చెప్పిందంట, రాత్రి బాత్రూంకి లేవాలంటే మీ అమ్మని లేపాలి కదా, పాపం పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాలి అని. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

మా అన్నయ్య ఏమో ఈ వయసులో ఎక్సర్‌సైజులేంటి, రెస్ట్ ఇవ్వు, మళ్లీ ఏదైనా విరిగితే ఎవరు చూస్తారు అంటున్నాడు. మా కజిన్ ఒకతను అమెరికాలో 90 ఏళ్ల వాళ్లతో కూడా బరువులు ఎత్తించి రీసెర్చ్ చేశారు, బలం డబుల్ అయింది అంటున్నాడు. ఇది నిజమేనా? నిజమైతే ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఫిజియో_బెజవాడ:

నమస్తే అండి. నేను 16 ఏళ్లుగా విజయవాడలో ఫిజియోథెరపిస్ట్‌ని, తుంటి విరిగిన పెద్దవాళ్లని వారానికి ఇద్దరు ముగ్గుర్ని చూస్తుంటా. మీ కజిన్ చెప్పింది నిజమే. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉండేవాళ్ల మీద చేసిన స్టడీ అది, మరియా ఫియటరోన్ అనే డాక్టర్ టీమ్ చేసింది. 86 నుంచి 96 ఏళ్ల మధ్య వాళ్లు 10 మంది, వారానికి 3 రోజులు, 8 వారాలు, తొడ కండరానికి గట్టి బరువుతో కసరత్తు. గట్టి బరువు అంటే వాళ్లు ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 80 శాతం. 8 వారాలకి బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. చేతులు ఊతం లేకుండా కుర్చీలోంచి లేవలేనివాళ్లు ముగ్గురుంటే అందులో ఒకరు లేవగలిగారు. అదే స్టడీలో ఇంకో సంగతి ఉంది, అది ఎవరూ చెప్పరు, ఆపేసిన 4 వారాలకి బలం 32 శాతం పడిపోయింది. అంటే ఇది ఒక కోర్సు వాడి ఆపేసే మందు కాదండీ, అన్నం తిన్నట్టు చేస్తూనే ఉండాలి.

మీ అమ్మగారికి ఏం తక్కువైందో మీ పోస్ట్‌లోనే ఉంది, మొదటి రోజూ 10, ఆఖరి రోజూ 10. కండరం తనకి అలవాటైన పనికి బలపడదు, అలవాటు లేనంత బరువు మీద పడితేనే బలపడుతుంది, అలవాటయ్యాక మళ్లీ పెంచాలి. ఇది కొత్త విషయం కూడా కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో మోకాలు దెబ్బతిన్న సైనికులకి థామస్ డెలార్మ్ అనే ఆర్మీ డాక్టర్ ఇదే చేయించి 1945లో పేపర్ రాశాడు, 10 సార్లకి మించి ఎత్తలేని బరువేదో చూసి దాన్నిబట్టి పెంచుకుంటూ పోవడం. కరెంట్ మిషన్ నొప్పికి కొంత పనికొస్తుందేమో గానీ కుర్చీలోంచి లేపే బలం దాంతో రాదు. మావాళ్లే కొందరు మిషన్ పెట్టేసి వెళ్లిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది, పేషెంట్ల డబ్బూ పోతుంది, అంతకన్నా ఆ మొదటి నెలలు పోతాయి.

ఇంట్లో ఎలా అంటే, ముందు ఆర్థో డాక్టర్ గారిని ఒక్క మాట అడగండి, బరువు కట్టి చేయించొచ్చా అని. గుండె జబ్బు, కంట్రోల్‌లో లేని బీపీ ఉంటే అది కూడా చెప్పండి. ఓకే అన్నాక చేతులున్న గట్టి కుర్చీ ఒకటి తీసుకుని గోడకి ఆనించండి, జరక్కుండా. సీటు మీద దిండ్లు వేసి ఎత్తు పెంచండి, ఎంత ఎత్తు అంటే అమ్మగారు కష్టపడి 8 సార్లు లేవగలిగేంత, ఆఖరి రెండు సార్లు ముక్కుతూ లేవాలి, అదే కొలత. లేచేటప్పుడు పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు మోకాళ్ల ముందుకి వచ్చేలా వంగి లేవమనండి, చాలామంది వెనక్కి వాలి లేవబోయి పడిపోతారు. ఊపిరి బిగబట్టకూడదు, లేస్తూ పైకే అంకెలు లెక్కపెట్టమంటే ఊపిరి దానంతటదే వదులుతారు. 8 సార్లు, కాసేపు రెస్ట్, అలా 3 విడతలు, రోజు విడిచి రోజు. 12 సార్లు తేలిగ్గా లేస్తున్నారు అనిపించిన రోజు ఒక దిండు తీసేయండి. అంతే, మీ ఇంట్లో జిమ్ అదే.

దాంతోపాటు కుర్చీలో కూర్చుని చీలమండకి అరకిలో ఇసుక సంచి కట్టి మోకాలు చాపడం, వంటింటి గట్టు పట్టుకుని నిలబడి కాలు పక్కకి ఎత్తడం, మడమలు ఎత్తి దించడం. పక్కకి ఎత్తేది మాత్రం అస్సలు వదలొద్దు, తుంటి ఆపరేషన్ అయినవాళ్లు ఒక పక్కకి ఊగుతూ నడిచేది ఆ కండరం చచ్చుబడటం వల్లే. చేసిన మర్నాడు కండరం పట్టేసినట్టు ఉంటే భయపడొద్దు. గజ్జలో పోటుగా నొప్పొచ్చినా, కాలు మోపలేకపోయినా, ఛాతీలో బరువుగా ఉన్నా ఆపేసి డాక్టర్‌కి చూపించండి. మొదటి రెండు వారాలు మీరు పక్కనే నిలబడాలి.

డేటాబాబు_డాలస్:

పైన ఫిజియో గారు చెప్పిన దాంతో ఏకీభవిస్తూనే ఒక విషయం కలుపుతున్నా, నేను క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పని చేస్తా కాబట్టి. 1990 స్టడీ 10 మందితో చేసింది, పోల్చుకోవడానికి వేరే గ్రూప్ లేదు. అదే టీమ్ 1994లో 100 మందితో పెద్దది చేసింది, సగటు వయసు 87, 10 వారాలు. ఎక్సర్‌సైజ్ చేసినవాళ్లకి కండర బలం 113 శాతం పెరిగింది, చేయనివాళ్లకి 3 శాతం. కానీ నడక వేగం చూడండి, పెరిగింది దాదాపు 12 శాతం. మెట్లెక్కే శక్తి 28 శాతం. అంటే బలం రెట్టింపైనంత మాత్రాన జీవితం రెట్టింపు మారదు, కొంత భాగమే అటు చేరుతుంది. అమ్మగారు రెండు నెలల్లో పరిగెడతారు అనుకుని మొదలుపెడితే నిరాశపడి మధ్యలో ఆపేస్తారు, అందుకే చెప్తున్నా. అన్నట్టు ఆ స్టడీలో కొంతమందికి కసరత్తు లేకుండా పోషకాల డ్రింక్ ఒక్కటే ఇచ్చారు, దాంతో ఏమీ మారలేదు. డబ్బాలు డబ్బాలు పౌడర్ కొని తాగించి ఊరుకునే కొడుకులూ కూతుళ్లూ ఇది తప్పకుండా తెలుసుకోవాలి.

మీ కేసుకి ఇంకా దగ్గరిది 2014లో వచ్చింది. తుంటి విరిగి, మామూలు ఫిజియో కూడా అయిపోయి, ఇంకా ఇబ్బంది పడుతున్న 232 మంది. ఫిజియో వాళ్లు ఇంటికి మూడు నాలుగు సార్లు వెళ్లి నేర్పి, వీడియో ఇచ్చి వచ్చేశారు, మిగతాది వాళ్లే 6 నెలలు చేసుకున్నారు, లేవడం కూర్చోవడం, మెట్టు ఎక్కడం లాంటివే. నడక, బ్యాలెన్స్, కుర్చీలోంచి లేవడం కలిపి 12 మార్కులకి వేసే టెస్ట్‌లో వాళ్లు 6.2 నుంచి 7.2కి వచ్చారు, చేయనివాళ్లు 6.0 నుంచి 6.2. చిన్న తేడాలా కనిపిస్తుంది కదా. 2019లో 210 మందితో ఇంకోటి వచ్చింది, 16 వారాలు, అందులో 6 నిమిషాల్లో 300 మీటర్లు నడవగలగాలి అని పెద్ద టార్గెట్ పెట్టుకున్నారు, రెండు గ్రూపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే టార్గెట్ ఏది పెట్టుకుంటున్నాం అనేది చాలా ముఖ్యం.

రీసెర్చ్‌లో జీవన నాణ్యత కొలవడానికి ఈక్యూ-5డి అని ఒక ఫారం ఉంటుంది, అడిగేది ఐదే విషయాలు: నడవగలుగుతున్నారా, స్నానం, బట్టలు సొంతంగానా, రోజువారీ పనులు, నొప్పి, దిగులు. మీ అమ్మగారు సాయంత్రం నుంచి నీళ్లు మానేశారన్నారే, దాన్ని ఏ ఫారంలోనూ నేరుగా అడగరు. కానీ మీ ఇంట్లో కొలవాల్సింది అదే అండి. రాత్రి ఒక్కరే లేచి బాత్రూంకి వెళ్లి రావడం, ఆ ఒక్కటే టార్గెట్ పెట్టుకోండి.

కరీంనగర్_కోడలు:

అక్కా నీ పోస్ట్ చదువుతుంటే మా అత్తమ్మే యాదికొచ్చింది. ఆమెకు 78, పోయినేడు ఇట్లనే తుంటి ఇరిగింది. మాకైతే ఇంటికొచ్చే ఫిజియో దొరకలే, దవాఖానల ఒకసారి చూపించి పంపిన్రు. ఇసుక సంచులు ఎక్కడ దొరుకుతయో తెల్వక నేనే పాత సాక్స్‌ల అరకిలో కందిపప్పు పోసి ముడేసి కాలుకు కట్టిన, నెలకు కిలో చేసిన. ఆమె మొదట నన్ను బాగ తిట్టింది, ముసల్దాన్ని సతాయిస్తున్నవ్ అని. అన్ని రోజులు ఒక్క తీరుగ ఉండకపోవు, కొన్ని రోజులు ఏడ్చింది గూడ.

నేనేం జేసిన్నంటే ఆమెకు ఇష్టమైన పని అడ్డం పెట్టిన. పొద్దుగాల వాకిట్ల ముగ్గు ఆమెనే ఏసేది, 50 ఏండ్ల సంది ఎవ్వరిని ఏయనియ్యలే. అత్తమ్మా బతుకమ్మ పండుగ నాటికి నువ్వు వాకిట్ల నిలబడి బతుకమ్మ పేర్చాలె, నాకు రాదు అన్న. రోజు ఎన్నిసార్లు లేచిందో గోడ మీద బొగ్గుతోని గీతలు గీసేది, గీతలు తక్కువైతే ఆమెకే మనసున పట్టకపోయేది. పండుగకు ఎత్తు కుర్చీల కూసోనే పేర్చింది, నిలబడలేకపోయింది, నిజం చెప్తున్న. కానీ పేర్చినంక తనంతల తనే లేచి తాంబాలం నా చేతులకిచ్చింది. ముగ్గు ఇప్పటికీ కింద కూసోని ఏయలేదు, నేనే ఏస్తున్న, ఆమె మెట్ల మీద నిలబడి చుక్కలు తప్పైతే చెప్తది.

గోదారిగట్టు:

అందరికీ చేతులెత్తి దణ్ణం. డాక్టర్ గారు బరువు కట్టొచ్చు అన్నారు. అన్నయ్యకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించా, సరే మొదలుపెట్టు, ఆదివారాలు నేనొచ్చి దగ్గరుండి చేయిస్తా అన్నాడు. ఫిజియో గారూ, రెండు డౌట్లు. అమ్మకి షుగర్ ఉంది, తిండి సంగతి ఏం చేయాలి, పథ్యం పేరు చెప్పి రాత్రిళ్లు ఇడ్లీ చట్నీతో సరిపెట్టుకుంటుంది. ఇంకోటి, మళ్లీ పడకుండా ఏం చూసుకోవాలి?

ఫిజియో_బెజవాడ:

పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలండి, అమ్మగారు 55 కిలోలుంటే 55 నుంచి 66 గ్రాములు. ఇడ్లీ చట్నీతో అది రాదు. పూటకో గుడ్డు, గట్టి పప్పు, పెరుగు, తింటే చేప, అలా మూడు పూటలకీ పంచండి. కాకపోతే షుగర్ ఉంది కాబట్టి ముందు క్రియాటినిన్ టెస్ట్ చూపించుకోండి, కిడ్నీ దెబ్బతిని ఉంటే ఈ లెక్క వర్తించదు, డాక్టర్ చెప్పినంతే పెట్టాలి. కసరత్తు ఖాళీ కడుపుతో వద్దు, షుగర్ పడిపోవచ్చు.

పడటం గురించి అయితే న్యూజిలాండ్‌లో ఒటాగో ప్రోగ్రామ్ అని ఉంది, 1997లో 80 దాటిన 233 మంది ఆడవాళ్ల మీద చేసి చూశారు, ఇంట్లోనే కాళ్లకి బరువులు, బ్యాలెన్స్, నడక. అవి చేసినవాళ్లు తక్కువసార్లు పడ్డారు. గట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి 10 సెకన్లు నిలబడటం అందులోదే, రోజూ చేయించండి. బాత్రూంలో కమోడ్ పక్కన కడ్డీ, రాత్రి చిన్న లైటు పెట్టించండి. ముఖ్యంగా ఎముకల బలానికి మందు రాశారో లేదో ఫైలు తీసి చూడండి, తుంటి అతికాక చాలామందికి ఆ సంగతే మర్చిపోతారు, కాల్షియం బిళ్ల ఒక్కటే సరిపోదు.

గోదారిగట్టు:

7 వారాల తర్వాత రాస్తున్నా. 3 దిండ్లతో మొదలుపెట్టాం, ఇప్పుడు ఒక్కటి మిగిలింది. మూడో వారంలో కండరాల నొప్పులని 4 రోజులు మానేసింది, మళ్లీ బతిమాలి మొదలుపెట్టించా. వాకర్ ఇంకా ఉంది, హాల్లో మాత్రం కర్రతో నడుస్తుంది. మొన్న రాత్రి 2 గంటలకి ఏదో చప్పుడైతే ఉలిక్కిపడి లేచా, చూస్తే బాత్రూం లైటు వెలుగుతుంది, అమ్మ కడ్డీ పట్టుకుని తనే లేచి చీర సర్దుకుంటుంది. నన్ను చూసి, నువ్వెందుకు లేచావే పడుకో అంది. మంచం పక్కన చెంబు ఖాళీగా ఉంది. నేను వెళ్లి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు, ఏడుస్తూనే ఉన్నా.

ఫిజియో గారూ, కుడికాలికి కిలో సంచితో ఇప్పుడు 12 సార్లు తేలిగ్గా చాపేస్తుంది. కిలోన్నర చేయొచ్చా? ఎడమ కాలికి కూడా అంతే కట్టాలా?

ఫిజియో_బెజవాడ:

చదివి చాలా సంతోషం అండి. కిలోన్నర కట్టండి, మొదట 8 సార్లు వస్తే చాలు. ఎడమ కాలు బలమైనది కాబట్టి దానికి 2 కిలోలు పట్టొచ్చు, దాని కొలత దానికి విడిగా చూడండి. ఆ ఆఖరి దిండు మాత్రం తొందరపడి తీయకండి, చేతులు పట్టుకోకుండా దాని మీద నుంచి 8 సార్లు లేచే దాకా ఉండనివ్వండి.