40 వేలలో హోమ్ థియేటర్: దేనికి ఎంత పెట్టాలి?

హన్మకొండ_హాలు
నమస్తే అందరికీ. కొత్తింట్లో 55 అంగుళాల టీవీ పెట్టాం. బొమ్మ అదిరింది, సౌండ్ మాత్రం రేకు డబ్బా. హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. రాత్రిళ్లు ఓటీటీలో సినిమాలు చూస్తాం, పొద్దున్నే నాన్న పాత పాటలు పెట్టుకుంటారు. బడ్జెట్ 40 వేలు. దసరాకి ఇంకో పది పదిహేను వేలు సర్దగలను. షాపులో మూడు రకాలు చూపించారు. టవర్ స్పీకర్ల 5.1 సెట్టు (అయిదు స్పీకర్లు, బేస్‌కి ఒక వూఫర్) ఒకటి, డబ్బా మీద 1000 వాట్స్ అని ఉంది. వూఫర్‌తో కలిపి సౌండ్‌బార్ ఇంకోటి. మూడోది రిసీవర్ (టీవీ సౌండ్ తీసుకుని స్పీకర్లని మోగించే ఆంప్ పెట్టె) విడిగా, స్పీకర్లు విడిగా. ఆ మూడోదాని గురించి అడిగితే సేల్స్ అబ్బాయి "మీకెందుకు సార్ ఆ తలనొప్పి" అన్నాడు. నాకు మనసు దాని మీదే ఉంది. వాడేవాళ్లు చెప్పండి.

సాగరతీరం
ముందు ఆ 1000 వాట్స్ సంగతి తేల్చేద్దాం. ఈసారి వెళ్లినప్పుడు డబ్బా ముందువైపు చూడకండి. సెట్టును వెనక్కి తిప్పించి, కరెంటు వైరు దూరే చోట అంటించిన స్టిక్కర్ చదవండి. పవర్ కన్సంప్షన్ అని రాసి ఉంటుంది. అక్కడ 100 వాట్లో 120 వాట్లో కనబడితే ఇక లెక్క మీరే వేసుకోవచ్చు. ప్లగ్గులోంచి 120 లాక్కుని స్పీకర్లకి 1000 ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది? పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠ పవర్) అని రాస్తే ఆ అంకెను పట్టించుకోనే అక్కర్లేదు. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) అని ఉన్నా పక్కన చిన్నక్షరాలు చదవాలి: "6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, ఒక్క ఛానల్, 10 శాతం డిస్టార్షన్" లాంటివి ఉంటాయి. అయిదు ఛానళ్లూ ఒకేసారి మోగితే ఆ అంకె బాగా పడిపోతుంది.

అసలు చూడాల్సింది స్పీకర్ సెన్సిటివిటీ. 87 డెసిబెల్స్ అని ఉందనుకోండి, ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో అంత సౌండ్ వస్తుందని అర్థం. వాట్లు రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెల్సే. అంటే 16 వాట్లకి 12 పెరిగి 99 అవుతుంది. మీరు మూడు మీటర్ల అవతల కూర్చుంటారు కాబట్టి ఆరుబయటి లెక్కన తొమ్మిదిన్నర తగ్గుతుంది. నాలుగ్గోడల మధ్య అంత కూడా తగ్గదు. పైగా స్పీకర్లు రెండు. అంతా కలిపి 90 దాటుతుంది. ఆ సౌండ్‌కి పక్కింటివాళ్లు తలుపు కొడతారు. మీ హాలుకి నిజమైన 40, 50 వాట్లు ధారాళంగా సరిపోతాయి.

రెండో_ఆట
పైన చెప్పింది కరెక్ట్. నా ఓటు రిసీవర్‌కే. అయితే 40 వేలలో అయిదు స్పీకర్లూ వూఫరూ అన్నీ కొనెయ్యాలని చూస్తే అన్నీ నాసిరకమే వస్తాయి. 5.1 రిసీవర్ ఒకటి, మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్ల (స్టాండు మీద పెట్టుకునే చిన్న స్పీకర్లు) జత ఒకటి తీసుకుని ఆగండి. మిగతావి వీలు చూసుకుని తర్వాత చేర్చుకోవచ్చు. రిసీవర్లు మారుతుంటాయి, ఏడెనిమిదేళ్లకు హెచ్‌డీఎంఐ పాతబడుతుంది. స్పీకర్లు ఇరవై ఏళ్లు ఉంటాయి. అందుకే సగం కంటే ఎక్కువ డబ్బు స్పీకర్లకే పెట్టమంటాను. రిసీవర్‌ని సెకండ్ హ్యాండ్‌లో చూసుకున్నా ఫర్వాలేదు.

ఈ తరగతిలో యమహా ఆర్‌ఎక్స్-వీ385, సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్590 పేర్లు ఎక్కువ వినబడతాయి. రెండూ 5 ఛానళ్లవే, రెండింటికీ సెటప్ మైక్ వస్తుంది. మైక్‌ని మీరు కూర్చునే చోట, తల ఎత్తులో పెట్టి నొక్కితే ఒక్కో స్పీకర్ దూరం, మోత అదే లెక్కేసుకుంటుంది. స్పీకర్లలో వార్ఫ్‌డేల్ డైమండ్, పోక్ టీ15, డాలీ స్పెక్టర్ లాంటివి వినకుండా కొనొద్దు. ఏ పాటలు బాగా తెలుసో అవే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. షాపువాడు వేసే డెమో క్లిప్‌లో ఏ స్పీకరైనా బాగానే ఉంటుంది.

బుజ్జి_అమ్మ
అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ల తరఫున ఒక మాట. మాకు సౌండ్‌బార్ చాలు. ఒక్క వైరు, ఒకటే రిమోట్, పిల్లలు లాగి పడేయడానికి స్టాండ్లు లేవు. అందరూ ఏదో రాజీ పడి కొన్నట్టు మాట్లాడతారు గానీ మాకు డైలాగులు శుభ్రంగా వినిపిస్తున్నాయి. కొనేటప్పుడు సెంటర్ ఛానల్ (మాటల కోసం మధ్యలో ఉండే స్పీకర్) విడిగా ఉన్నది, అంటే 3.1, చూసుకోండి.

రెండో_ఆట
@బుజ్జి_అమ్మ మీ మాట కాదనను అండి. వాళ్లకి పాటలు కూడా ముఖ్యం అన్నారు కదా, అందుకని అన్నాను. టీవీ కింద మీటరు బద్దలోంచి వచ్చే స్టీరియోకి, ఆరడుగుల ఎడంగా పెట్టిన రెండు స్పీకర్ల మధ్య పాట పరుచుకోవడానికి తేడా ఉంటుంది.

గల్లీ_ఆంప్
అన్నా, కోఠి గుజరాతీ గల్లీ వైపు ఒకసారి పోయి రా. బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, క్యాబినెట్, వాల్యూమ్ కంట్రోలు అన్నీ అక్కడ్నే దొరుకుతయి. టీడీఏ7294 ఆంప్ ఐసీ బోర్డులతో 5.1 అసెంబుల్ చేయించుకుంటే కంపెనీ సెట్టు రేటులో సగం కాదు. అన్నిటికంటే పెద్ద లాభం రిపేరు. ఐసీ పోతే మా ఊర్ల మెకానిక్ గంటలో మార్చి ఇస్తడు. కంపెనీ దానికి మదర్‌బోర్డు మొత్తం మార్చాలంటరు.

సాగరతీరం
@గల్లీ_ఆంప్ రిపేరు విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తా. పాటలకైతే అసెంబుల్డ్ ఆంప్‌ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు సరిగ్గా చేసినదాన్ని వినలేదనే అనుకుంటా. కాకపోతే సినిమాకి వచ్చేసరికి ఆ డీకోడర్ బోర్డులు (సినిమా సౌండ్‌ని ఒక్కో స్పీకర్‌కి విడదీసేవి) చాలావాటికి ఆప్టికల్ ఇన్‌పుటే ఉంటుంది. ఓటీటీల నుంచి వచ్చేది ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ అనే ఫార్మాట్, అది ఆప్టికల్‌లో వెళ్లదు. దాన్ని టీవీ మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి ఆప్టికల్‌లో పంపాలి. అన్ని టీవీలూ ఆ పని సరిగ్గా చేయవు. ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైరులోనే రిసీవర్‌కి పంపే దారి) లేకపోతే టీవీ రిమోట్‌తో సౌండ్ తగ్గించుకోవడం కూడా కుదరదు. ఇంట్లో పెద్దవాళ్లు వాడాలంటే ఇది చిన్న విషయం కాదు.

తెనాలి_తంబుర
అందరూ సామాను గురించే మాట్లాడుతున్నారు, గది గురించి ఎవరూ ఎత్తడం లేదు. హన్మకొండ గారూ, మీ హాల్లో కింద టైల్సేనా? గోడలకి కర్టెన్లు ఉన్నాయా? మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. వెనకాలే "ఝంయ్" అని తోక వినబడితే ఎన్ని లక్షలు పోసినా డైలాగులు ముద్దగానే ఉంటాయి. మన ఇళ్లన్నీ అంతే: పైన స్లాబు, కింద గ్రానైటో టైల్సో, చుట్టూ నున్నటి గోడలు. మా ఇంట్లో నేను చేసింది చెబుతాను. సోఫాకీ టీవీకీ మధ్య మందపాటి కార్పెట్ వేశాను. కిటికీలకి సన్నటి తెరలు తీసేసి బరువైన కర్టెన్లు కట్టించాను. సోఫా వెనక ఖాళీ గోడకి పుస్తకాల అలమార జరిపాను. వీటన్నిటికీ కలిపి ఒక చవక స్పీకర్ ఖరీదు కూడా కాలేదు. మా అత్తగారికి స్పీకర్ల గొడవ ఏమీ పట్టదు, ఆవిడ కూడా "ఇప్పుడు మాట తెలుస్తోందే" అన్నారు.

ఇంకోటి, వడ్రంగి చేసిన టీవీ యూనిట్లో స్పీకర్ల కోసమని గళ్లు వదులుతారు చూడండి, వాటిలో మాత్రం దూర్చకండి. మూడు వైపులా చెక్క మూసుకుంటే మగ గొంతులన్నీ కుండలోంచి మాట్లాడినట్టుంటాయి. వెనక పోర్ట్ (గాలి రంధ్రం) ఉన్న స్పీకరైతే మరీనూ. స్టాండు మీద గానీ, యూనిట్ పైన అంచుదాకా ముందుకి జరిపి గానీ పెట్టండి. చిన్న స్పీకర్, అంటే ట్వీటర్, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి రావాలి. యూనిట్ పొట్టిదైతే ముందువైపు రబ్బరు ముక్క పెట్టి కాస్త పైకి వాల్చండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత ఎడమో, మీకూ వాటికీ సుమారుగా అంతే దూరం ఉండేలా చూసుకోండి.

హన్మకొండ_హాలు
చప్పట్లు కొట్టి చూశా, తోక బాగానే ఉంది 🙂 కర్టెన్లు ఇంకా కట్టించలేదు. సరే, రెండు స్పీకర్లతో మొదలుపెడితే సినిమాల్లో డైలాగులు ఎట్లా? సెంటర్ లేకపోతే మాటలు వినబడవంటారు కదా?

రెండో_ఆట
రిసీవర్ సెటప్‌లో సెంటర్ "నన్" (అంటే లేదు) అని పెడితే ఆ మాటలన్నీ ఎడమ కుడి స్పీకర్లకి సమానంగా పంచుతుంది. ఏదీ పోదు. మధ్యలో కూర్చున్నవాళ్లకి గొంతు టీవీలోంచే వస్తున్నట్టుంటుంది. చివర కూర్చున్నవాళ్లకి మాత్రం దగ్గరున్న స్పీకర్ వైపు లాగుతుంది. ఇద్దరు ముగ్గురు చూసే ఇల్లయితే ఫర్వాలేదు. అయిదుగురు వరసగా కూర్చుంటే ఆ తర్వాత కొనాల్సింది సెంటరే. కొంటే ముందు స్పీకర్ల సిరీస్‌లోనే కొనండి, లేదంటే హీరో నడుస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేలోపు గొంతు మారిపోతుంది.

రాత్రిపూట మాటలు వినబడక సౌండ్ పెంచడం, ఫైట్ రాగానే రిమోట్ కోసం తడుముకోవడం అందరిళ్లలోనూ ఉన్నదే. రిసీవర్ మెనూలో నైట్ మోడ్ అనో డైనమిక్ రేంజ్ అనో ఉంటుంది, ఆన్ చేయండి. పెద్ద చప్పుళ్లు తగ్గి చిన్న మాటలు పైకొస్తాయి.

కోనసీమ_కుర్రోడు
నా దగ్గర 5.1 ఉంది, కానీ సినిమాకి ముందు రెండే మోగుతున్నాయి. వెనకవి చచ్చిపోయాయా?

సాగరతీరం
@కోనసీమ_కుర్రోడు సినిమా నడుస్తుండగా రిసీవర్ డిస్‌ప్లే చూడండి. పీసీఎం అని ఉందా? టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ దగ్గర పీసీఎం తీసేసి ఆటో లేదా పాస్‌త్రూ పెట్టండి. ఏఆర్‌సీలో పీసీఎం అంటే రెండు ఛానళ్లే. అలాగే హెచ్‌డీఎంఐ వైరు టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసిన పోర్టులోనే ఉందా చూడండి. యూట్యూబ్‌లో పరీక్షిస్తే కుదరదు, అక్కడ వచ్చేది మామూలుగా స్టీరియోనే.

కోనసీమ_కుర్రోడు
వచ్చేసింది గురూ! డాల్బీ డీ ప్లస్ అని పడింది. ఇన్నాళ్లూ వెనక స్పీకర్లకి బూజు దులుపుతున్నా.

డల్లాస్_దొర
మా తమ్ముడి కోసం ఇదే లెక్కలు వేశాం కాబట్టి చెబుతున్నా. అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే రిసీవర్ తెప్పించుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. ఇక్కడ అమ్మేవి 120 వోల్టులవి. 230లో నేరుగా గుచ్చితే అయిపోయినట్టే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ రిసీవర్ వెనక రాసిన కన్సంప్షన్ కంటే బాగా ఎక్కువ కెపాసిటీది. ఇండియాలో వారంటీ కూడా వర్తించదు. మామూలు స్పీకర్లకి కరెంటుతో పని లేదు కాబట్టి వోల్టేజ్ బాధ లేదు. కానీ ఒక జత పెడితే 23 కిలోల పెట్టెలో సగం అదే తినేస్తుంది. వూఫర్‌లో ఆంప్ ఉంటుంది, దానికి మళ్లీ అదే గొడవ.

కరెంటు_కామయ్య
ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడండి. "గుయ్" అని హమ్ వస్తుంటే ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడండి, చాలాసార్లు దొంగ అదే. ఉరుములప్పుడు ఆ వైరూ, ప్లగ్గూ రెండూ తీసేయాలి. రిసీవర్ పైన నాలుగంగుళాల ఖాళీ వదలండి, దాని మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టొద్దు. వెచ్చగా ఉంటుందని బల్లులు దూరతాయి. బోర్డు మీద బల్లి మాడి షార్టయిన సెట్లు నా బల్ల మీదికి ప్రతి వానాకాలం వస్తూనే ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు వూఫర్ కోన్‌ని రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకుంటున్న చప్పుడొస్తే కాయిల్ పోయినట్టే, వదిలేయండి. అంచు ఫోమ్‌దైతే గోటితో తాకి చూడండి, పొడి రాలితే దానికి రోజులు దగ్గరపడ్డాయి. రిసీవర్‌కి ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టూ మీ కళ్ల ముందు పెట్టించి చూడాలి.

హన్మకొండ_హాలు
అందరికీ చాలా థ్యాంక్స్. 5.1 రిసీవర్, ఒక జత బుక్‌షెల్ఫ్, కర్టెన్లు ఇప్పుడు. దసరాకి వూఫరో సెంటరో ఇంట్లో ఓటింగ్ పెడతా. పాత హోమ్ థియేటర్ వూఫర్ మా బావ దగ్గర ఖాళీగా ఉంది, అది తగిలించొచ్చా? ఇంకా వైరు ఏది కొనాలి?

కరెంటు_కామయ్య
బావ గారి వూఫర్‌కి సొంత కరెంటు ప్లగ్గు ఉందా? లేకపోతే కుదరదు. రిసీవర్‌లో సబ్‌వూఫర్ సాకెట్టు సిగ్నల్ మాత్రమే ఇస్తుంది, పవర్ ఇవ్వదు. లోపల ఆంప్ ఉన్న యాక్టివ్ వూఫరే కావాలి. అది వచ్చాక రిసీవర్‌లో స్పీకర్లని "స్మాల్" చేసి క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, అంటే దానికి కింది బేస్ వూఫర్‌కి వెళ్తుంది.

వైరు 16 గేజ్ రాగిది చాలు, మీ దూరాలకి ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 ఎస్‌క్యూ ఎంఎం అయినా బంగారంలా పనిచేస్తుంది. చవకగా దొరికేవాటిలో అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. ఒక పోగు బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనబడుతుంది. ప్లస్, మైనస్ తిరగబడకూడదు, ఒక స్పీకర్‌కి తిరగబడితే బేస్ మాయమై గొంతు ఎటునుంచి వస్తోందో తెలీదు. అనుమానం వస్తే వైరుని రిసీవర్ నుంచి విప్పేసి, ఆ చివరని గోడ గడియారం సెల్లుకి ఒక్క క్షణం తాకించండి. సెల్లు ప్లస్‌కి ఏ పోగు తగిలినప్పుడు కోన్ బయటికి వస్తుందో అది ఎర్ర టెర్మినల్‌ది.