అప్‌డేట్: లేజర్ లేకుండానే పొరలు కనిపించాయి
లేజర్ కాన్‌ఫోకల్ (నమూనాని ఒక్కో పొరగా స్పష్టంగా చూపే ఖరీదైన మైక్రోస్కోప్) కొనే స్తోమత లేదు, పాత ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్‌తో (వెలుగు పడితే మెరిసే రంగు పట్టిన భాగాల్ని చూపేది) ఉల్లి వేరు కణాల్ని పొరలుగా చూడొచ్చా అని అడిగాను కదా. చూడొచ్చు! మీలో ఒకరు చెప్పిన గ్రిడ్ పద్ధతే (1997లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చూపించింది) పట్టుకున్నాను. నీలం ఎల్‌ఈడీ దారిలో, ఫీల్డ్ డయాఫ్రమ్ (వెలుగు పడే మేరని పెంచి తగ్గించే కంత) ఉండే చోట సన్నని గీతల గాజుపలక పెట్టి, గీతల ఎడంలో మూడో వంతు చొప్పున జరుపుతూ మూడు ఫొటోలు తీయాలి. గీతలు ఫోకస్‌లో ఉన్న పొర మీదే స్పష్టంగా పడతాయి కాబట్టి, ఫొటోల్ని రెండేసి చొప్పున పోల్చి, వాటి వెలుగులో తేడాల్ని వర్గం చేసి, కలిపి వర్గమూలం తీస్తే, ఫోకస్‌లో లేని మసక పోతుంది.

మొదటి వారం బొమ్మ నిండా జీబ్రా చారలే. తల పట్టుకున్నాను. తీరా చూస్తే కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్ ఆన్‌లో ఉంది, ఒక్కో ఫొటోకి ఒక్కో వెలుగు! అది ఆపగానే ఒకదాని వెనక ఒకటి దాక్కున్న కేంద్రకాలు విడివిడిగా తేలాయి. మందపాటి ముక్కల్లో మాత్రం గీతలు లోతుకు వెళ్లేసరికి చెదిరిపోతున్నాయి. కదిలే ప్రాణులతో ఇంకా ప్రయత్నించలేదు.